తెల్ల కప్ప మూడు రోజులుగా తినడం లేదు, ఒంటి మీద తోలు ఊడుతోంది

నీలు_నిజాంపేట
మా వాడి పోరు పడలేక జనవరి చివర్లో ఫిష్ ట్యాంక్ కొన్నాం. పదకొండు గుప్పీ చేపలు, వాటితో పాటు ఒక తెల్ల కప్ప. షాపులో “ఆల్బినో ఫ్రాగ్ మేడమ్, ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది, చేపలతో కలిసిపోతుంది, ఇంతకంటే పెరగదు” అన్నారు. అప్పుడు గోలీకాయ కంటే కాస్త పెద్దది. ఇప్పుడు నిమ్మకాయంత ఉంది. మూడు రోజులుగా ఏం వేసినా ముట్టడం లేదు. పొట్ట ఉబ్బింది. వెనక కాళ్ళ లోపలి వైపు ఎర్రగా కనిపిస్తోంది. ఇవాళ పొద్దున ఒంటి మీద నుంచి పల్చటి తెల్లని పొర ఊడి వేలాడుతోంది. ట్యాంక్ సుమారు 30 లీటర్లు, అడుగున రంగురాళ్ళు వేశాం. ప్రతి ఆదివారం నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళు కడిగి, కొత్త నీళ్ళు పోస్తాం. అయినా ఎందుకిలా? మా వాడు స్కూల్ నుంచి వచ్చేలోపు దీనికేమన్నా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. గుప్పీలు కూడా ఇప్పుడు మూడే మిగిలాయి.

గుప్పీ_గోపి
పదకొండులో మూడు మిగిలాయా? తక్కిన ఎనిమిది ఎక్కడికి పోయాయో ఆ ఉబ్బిన పొట్టనే అడగండి.

నీలు_నిజాంపేట
అయ్యో. మేం వాచ్‌మన్ వాళ్ళ పిల్లిని అనుమానించాం. మా అత్తగారు దాన్ని చూస్తే చాలు చీపురు తీస్తున్నారు.

కప్పలతక్కెడ
పిల్లికి పరువునష్టం కింద పాలు పోయించండి.

ఫ్రిస్కో_పిన్ని
మా ఇంట్లో ఇలాంటివే రెండున్నాయి, నాలుగేళ్ళుగా పెంచుతున్నాం. మా చిన్నదానికి ఒక బర్త్‌డే పార్టీలో రిటర్న్ గిఫ్ట్‌గా వచ్చాయి. నిజమే, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ప్రాణమున్న కప్పలను రిటర్న్ గిఫ్ట్‌గా ఇచ్చారు. ఆ పార్టీ ఇచ్చినవాళ్ళను నేనింకా క్షమించలేదు. మా దాంట్లో ఒకటి ఇలాగే తిండి మానేస్తే నీళ్ళు చల్లగా ఉండటమే కారణమని తేలింది. హీటర్ పెట్టి 78 డిగ్రీలకు తేగానే వారంలో కోలుకుంది. మీరూ ముందు హీటర్ పెట్టి చూడండి.

కప్పలతక్కెడ
78 డిగ్రీలా! పిన్నీ, అది వైద్యం కాదు, కప్ప పులుసు.

ఫ్రిస్కో_పిన్ని
ఫారెన్‌హీట్ బాబూ. మీ లెక్కలో 25, 26.

ట్యాంక్_మేస్త్రి
నీలు గారూ, హీటర్ జోలికి పోకండి. పిన్ని గారు చెప్పింది వాళ్ళ కప్పకు సరైన మాటే, కానీ మీది ఆ కప్ప కాకపోవచ్చు. ఒక పని చేయండి. ముందరి కాళ్ళు చూడండి. వేళ్ళ మధ్య తోలు ఉందా, లేక మన చేతివేళ్ళలా విడివిడిగా ఉన్నాయా? తర్వాత వెనక కాళ్ళ వేళ్ళ చివర నల్లటి గోళ్ళు ఉన్నాయేమో చూడండి.

నీలు_నిజాంపేట
ముందు వేళ్ళు విడివిడిగానే ఉన్నాయి. వెనక కాళ్ళకు ఒక్కోదానికి మూడు వేళ్ళకు చిన్న నల్లటి గోళ్ళు. పక్కల్లో, వీపు మీద దర్జీ కుట్టు వేసినట్టు చిన్న చిన్న గీతలున్నాయి. ఇన్నాళ్ళూ అవి దెబ్బలనుకున్నా.

ట్యాంక్_మేస్త్రి
అయితే అనుమానం అక్కర్లేదు. పిన్ని గారివి ఆఫ్రికన్ డ్వార్ఫ్ కప్పలు. వాటికి నాలుగు కాళ్ళకూ వేళ్ళ మధ్య తోలుంటుంది. ఒకటిన్నర అంగుళం దాటవు, వెచ్చటి నీళ్ళు కావాలి. మీది ఆఫ్రికన్ క్లాడ్ కప్ప, శాస్త్రీయ నామం జెనోపస్ లేవిస్. ఊరు దక్షిణాఫ్రికా. ఆడదైతే నాలుగైదు అంగుళాలు పెరుగుతుంది, బాగా చూసుకుంటే పదిహేనేళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే బతుకుతుంది. నోట్లో పట్టే ప్రాణి ఏదైనా దానికి తిండే. నాలుక లేదు కాబట్టి ముందు చేతులతో నోట్లోకి తోసుకుంటుంది. ఆ ఎనిమిది గుప్పీలూ అలాగే పోయాయి. ఆ కుట్టు గీతలు దెబ్బలు కావు. నీళ్ళలో చిన్న కదలికను పసిగట్టేది వాటితోనే.

అసలు సంగతి, దీనికి కావలసింది చల్లటి నీళ్ళు. 18 నుంచి 22 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. ఏప్రిల్‌లో నిజాంపేటలో ఏసీ లేని గదిలో ట్యాంక్ ఎంతుందో ఒకసారి థర్మామీటర్ పెట్టి చూడండి. షాపులో రెండు రకాలనూ “ఫ్రాగ్” అనే ఒక్క పేరుతో అమ్ముతారు, జాగ్రత్తలు కూడా కలగాపులగం చేసి చెబుతారు. సగం కప్పలు ఆ సలహాల వల్లే పోతాయి.

ఇరవైఏళ్ళ_అక్వేరియం
ఇంత కథ ఎందుకండీ. గుప్పెడు కల్లుప్పు, నాలుగు చుక్కల నీలం మందు వేయండి. ఇరవై ఏళ్ళుగా నా ట్యాంకుల్లో అదే వాడుతున్నా. తోలు ఊడటం ఫంగస్సే, అందులో అనుమానం లేదు.

పశుడాక్టర్_కరీంనగర్
ఆ పని చేయకండి. చేపకు ఒంటి నిండా పొలుసులు, పైన జిగురు. కప్పకు ఉన్నది వట్టి తోలు, ఆ తోలుతోనే నీళ్ళు తాగుతుంది, కొంత ఊపిరి కూడా తీసుకుంటుంది. నీళ్ళలో ఏది కలిపితే అది నేరుగా ఒంట్లోకి పోతుంది. చేపల మందుల్లో రాగి ఉన్నవి, మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ ఉన్నవి కప్పలకు విషంతో సమానం. ఉప్పు కూడా కొలత తెలియకుండా గుప్పెళ్ళ లెక్కన వేయకూడదు.

నేను చూసేది గేదెలు, గొర్రెలు, కుక్కలు. కప్ప కేసు నా దగ్గరికి ఒక్కటీ రాలేదు. కాబట్టి ఫొటో చూసి రోగం పేరు చెప్పే సాహసం చేయను.

ఇరవైఏళ్ళ_అక్వేరియం
నా చేపలు ఒక్కటీ చావలేదు మరి.

గుప్పీ_గోపి
ఆవిడ అడిగింది కప్ప గురించి అన్నా.

వైజాగ్_వనజ
తోలు ఊడటం ఫంగసే అని అంత గట్టిగా ఎలా చెబుతారు? నా దగ్గర ఇదే రకం జంట ఆరేళ్ళుగా ఉంది. రోజుల తేడాతో కుబుసం విడిచినట్టు విడుస్తూనే ఉంటాయి. నీలు గారూ, ఇప్పుడు ట్యాంక్ దగ్గరికెళ్ళి పది నిమిషాలు కదలకుండా కూర్చుని చూడండి. ఊడిన పొరను ఏం చేస్తోందో చెప్పండి.

నీలు_నిజాంపేట
చూశాను! ముందు కాళ్ళతో పొట్ట దగ్గర గోక్కుంది. తర్వాత బిగుతు బనియన్ విప్పినట్టు మొత్తం తల మీదకు లాగి, చివర నోట్లో కుక్కుకుని మింగేసింది. ఛీ అనిపించింది గానీ కన్ను తిప్పుకోలేకపోయాను. మా అత్తగారు కూడా వచ్చి నిలబడి చూశారు.

వైజాగ్_వనజ
అదే మామూలు కుబుసం. పొర ఒక్క ముక్కగా, పల్చగా, పారదర్శకంగా వస్తే భయపడక్కర్లేదు. దూదిలా గుబురుగా ఒకచోట అంటుకుని ఉంటే, లేదా రోజూ ముక్కలు ముక్కలుగా రాలుతూ ఉంటే అప్పుడు ఆలోచించాలి. నీళ్ళు పాడైతే కూడా ఊరికే తోలు విడుస్తాయి. కాబట్టి మీ నీళ్ళ సంగతి చూడాలి.

పొట్ట విషయం. ఆడదైతే గుడ్లు నిండినప్పుడు తుంటి దగ్గర బేరిపండులా లావెక్కుతుంది. అది జబ్బు కాదు. రోగమైతే బెలూన్ ఊదినట్టు మెడ నుంచి కాళ్ళ దాకా ఉబ్బి, కిందికి మునగలేక పైన తేలుతుంది. మీదేది? ఆడా మగా తెలియాలంటే వెనక కాళ్ళ మధ్య చూడండి. ఆడదానికి అక్కడ చిన్న తోకలా మూడు తోలు ముక్కలుంటాయి. మగదానికి ఉండవు, ఈడుకొచ్చాక ముందు చేతుల లోపలివైపు నల్లటి మచ్చ వస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట, మూత. మా మగాడు మొదటి ఏడాది మూత సందులోంచి దూకేశాడు. రాత్రంతా వెతికాం. తెల్లారి సోఫా కింద దుమ్ము ఉండ ఒకటి కనిపించింది, దానికి రెండు కళ్ళున్నాయి. చల్లటి నీళ్ళలో వేస్తే అరగంటకు కదిలాడు. అప్పటినుంచి మూత మీద రోలు పొత్రం ఉంటుంది.

కప్పలతక్కెడ
నా పేరు చూసి నవ్వేవాళ్ళకు ఇప్పుడర్థమైందా.

నీలు_నిజాంపేట
తుంటి దగ్గర కాదు, పొట్ట ముందు భాగం గుండ్రంగా ఉబ్బింది. మునుగుతోంది, తేలడం లేదు. తోక లాంటి ముక్కలైతే ఉన్నాయి. థర్మామీటర్ పెట్టాను, 33.

జువాలజీ_మాస్టారు
33 చాలా ఎక్కువమ్మా. ముందు అది తగ్గించండి.

ఈ జాతికి ఉన్న చరిత్ర మీ అబ్బాయికి చెబితే కప్ప మీద గౌరవం పెరుగుతుంది. 1930ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు చాలా దేశాల్లో గర్భ పరీక్ష ఈ కప్పతోనే చేసేవారు. స్త్రీ మూత్రాన్ని ఆడ కప్పకు సూదితో ఎక్కించి ఉంచితే, గర్భమైతే తెల్లారేసరికి కప్ప గుడ్లు పెట్టేది. అంతకుముందు చుంచెలుకలనో కుందేళ్ళనో కోసి చూడాల్సి వచ్చేది. కప్పను చంపనక్కర్లేదు, కొన్నాళ్ళాగి మళ్ళీ వాడొచ్చు. దక్షిణాఫ్రికాలో పనిచేసిన లాన్సెలాట్ హాగ్‌బెన్ పరిశోధన దీనికి పునాది. అలా దేశదేశాల ఆసుపత్రులకు, ల్యాబులకు ఓడల మీద వెళ్ళిన కప్పల సంతతే ఇవాళ మన షాపుల దాకా వచ్చింది. జాన్ గర్డన్ క్లోనింగ్ ప్రయోగాలు చేసిందీ ఈ కప్ప మీదే, ఆయనకు 2012లో నోబెల్ వచ్చింది. 1992లో వీటిని అంతరిక్షానికి కూడా తీసుకెళ్ళారు.

కాకినాడలో మేం విద్యార్థులకు కోయించింది మాత్రం మన గోదురు కప్పలనే. ఆ పాపం నా ఖాతాలో చాలానే ఉంది.

కప్పలతక్కెడ
అంటే మాస్టారూ, పాతకాలంలో శుభవార్త ముందు కప్పకు తెలిసి, తర్వాత మొగుడికి తెలిసేదన్నమాట.

ట్యాంక్_మేస్త్రి
కథలు తర్వాత. నీలు గారూ, రెండు విషయాలు. ఒకటి, ప్రతి ఆదివారం నీళ్ళన్నీ పారబోసి రాళ్ళు కడగడం మానేయండి. కప్ప ఉచ్చలోంచి, కుళ్ళిన తిండిలోంచి అమ్మోనియా వస్తుంది. దాన్ని తినే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ళ మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు వారం వారం వాటిని నల్లా కింద కడిగేస్తున్నారు, ఆ నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అంటే మీ ట్యాంక్ రెండున్నర నెలలుగా మొదటి రోజులోనే ఉంది. డ్రాప్స్ టెస్ట్ కిట్ దొరుకుతుంది, తెచ్చి అమ్మోనియా ఎంతుందో చెప్పండి.

రెండు, ఆ రంగురాళ్ళు ఎంత సైజు?

నీలు_నిజాంపేట
శనగగింజంత. నీలం, గులాబీ, ఆకుపచ్చ.

వైజాగ్_వనజ
అమ్మో.

ట్యాంక్_మేస్త్రి
అదే నా భయం. ఈ కప్ప తిండి మీద పడేటప్పుడు చూసుకోదు, రాయి కూడా కలిపి మింగేస్తుంది. నోట్లో పట్టేంత రాయి ట్యాంక్‌లో ఉండకూడదు. గుప్పిట్లో పట్టని గుండ్రాళ్ళు వేయండి, లేదా సన్నని ఇసుక, అదీ కాకపోతే ఉత్త అద్దం. ఇవాళే కప్పను వేరే ప్లాస్టిక్ టబ్బులోకి మార్చండి. సబ్బు తగలని కొత్త టబ్బు. అడుగున ఏమీ వేయొద్దు. జానెడు లోతు నీళ్ళు, ఒక పూలకుండీ పెంకు నీడకు, పైన బరువుతో జాలీ మూత. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది కాబట్టి నీటి పైన ఖాళీ ఉండాలి. మూడు రోజులు తిండి పెట్టకండి. అడుగు ఖాళీగా ఉంటే అది ఏం విసర్జించిందో మనకు తెలుస్తుంది.

ఫ్రిస్కో_పిన్ని
నా సలహా తప్పైంది, మేస్త్రి గారు సరిగ్గా చెప్పారు. నీళ్ళ గురించి నాకు తెలిసింది ఒకటి. మా వైపు నల్లాలో క్లోరిన్ కాదు, క్లోరమైన్ కలుపుతారు. మార్చిలో ఒక నెల మాత్రం మామూలు క్లోరిన్‌కు మారుస్తారు, ఆ నెలంతా ఇల్లు స్విమ్మింగ్ పూల్ వాసన. మా అమ్మ బెజవాడ నుంచి వచ్చినప్పుడు “నీళ్ళు ఒక రాత్రి బిందెలో పెడితే చాలు” అంది. క్లోరిన్ అయితే అలా పోతుంది గానీ క్లోరమైన్ పోదు. అమ్మ మాట విని పోశాను, పొద్దున కప్పలు గోడకు అంటుకుపోయి కదల్లేదు. అప్పట్నుంచి మందు చుక్కలు వేయకుండా గ్లాసు నీళ్ళు కూడా పోయను.

ట్యాంక్_మేస్త్రి
మన దగ్గర యాంటీ క్లోరిన్ చుక్కలు ఏ చేపల షాపులోనైనా ఇస్తారు. లోపలున్నది ఎక్కువగా హైపోనే (సోడియం థయోసల్ఫేట్). సీసా మీద రాసిన లెక్క ప్రకారం వేయండి. బోరు నీళ్ళయితే క్లోరిన్ ఉండదు. గట్టి నీళ్ళు ఈ కప్పకు ఇబ్బంది కాదు. ఆర్‌ఓ నీళ్ళు మాత్రం వద్దు, అందులో లవణాలు దాదాపు ఉండవు.

నీలు_నిజాంపేట
టబ్బులోకి మార్చేశాం. చేతిలోంచి సబ్బుబిళ్ళలా రెండుసార్లు జారింది. పాత ట్యాంక్ నీళ్ళు టెస్ట్ చేశాను. అమ్మోనియా గొట్టం ముదురు ఆకుపచ్చ, చార్టులో 2కి 4కి మధ్య. పీహెచ్ 8 దాటింది. మాది బోరు, మునిసిపల్ నీళ్ళు కలిసే ట్యాంకు.

పశుడాక్టర్_కరీంనగర్
ఒంటిని మండించడానికి ఆ అమ్మోనియా చాలు. పైగా పీహెచ్ ఎక్కువై, నీళ్ళు వెచ్చగా ఉంటే అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. మీకు మూడూ ఒకేసారి కుదిరాయి. కాళ్ళ ఎరుపు దానివల్ల కావచ్చు. ఆల్బినో కాబట్టి తోలు కింద రక్తం కనిపించి మామూలుగానే గులాబీ రంగులో ఉంటుంది. అంతటా సమానంగా గులాబీ అయితే సరే. సూదితో పొడిచినట్టు ఎర్ర చుక్కలో, తోలు చిట్లిన గుర్తులో ఉంటే అది “రెడ్ లెగ్” అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు. దానికి యాంటీబయోటిక్ కావాలి, అదీ చూసి ఇవ్వాలి. పక్షులు, తాబేళ్ళు చూసే డాక్టర్లు హైదరాబాద్‌లో ఉన్నారు, ఒకసారి చూపించండి.

మల్లాపూర్_మధు
ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నా. ట్యాంక్ పక్కన దోమల మందు లిక్విడ్ ఏమైనా పెడుతున్నారా?

నీలు_నిజాంపేట
అదే ప్లగ్ బోర్డులో, పంపు పక్కనే. ఎందుకు?

మల్లాపూర్_మధు
గాలి పంపు గదిలో గాలినే పీల్చి నీళ్ళలోకి బుడగలుగా వదులుతుంది. దోమల మందులో ఉండేవి నీటి ప్రాణులకు చాలా హాని చేస్తాయి. బొద్దింకల స్ప్రే కూడా అంతే. మా ఇంట్లో ఒకసారి వంటింట్లో స్ప్రే కొడితే హాల్లో ఉన్న రొయ్యలన్నీ తెల్లారేసరికి పోయాయి. వేరే గదికి మార్చండి, ట్యాంక్ ఉన్నచోట దోమతెర వాడండి.

నీలు_నిజాంపేట
తీసేశా. ఇంకా ఎన్ని తప్పులు బయటపడతాయో. ఇంట్లో మా ఆయన “ఇంత తలనొప్పి ఎందుకు, సాయంత్రం తీసుకెళ్ళి చెరువులో వదిలేద్దాం, దాని బతుకు అది బతుకుతుంది” అంటున్నారు.

జువాలజీ_మాస్టారు
ఆ ఒక్క పని వద్దని వారికి నా మాటగా చెప్పమ్మా. పాపం అనుకుని వదిలినవీ, ల్యాబుల నుంచి తప్పించుకున్నవీ కలిసి చిలీలో, ఫ్రాన్స్‌లో, పోర్చుగల్‌లో, కాలిఫోర్నియాలో స్థిరపడిపోయాయి. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో ఒక చెరువు నిండా ఇవే ఉంటే వాటిని వదిలించుకోవడానికి అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి అవస్థ పడ్డారు. కాలిఫోర్నియాలో ఈ కప్పను పెంచుకోవడమే నిషేధం. చేపపిల్లల్ని, తోకకప్పల్ని దొరికినవి దొరికినట్టు తింటాయి. అంతకంటే పెద్ద ప్రమాదం కైట్రిడ్ అనే బూజు. ఈ జాతి తాను జబ్బుపడకుండానే దాన్ని మోసుకు తిరగగలదు, అంటుకున్న ఇతర జాతుల కప్పలు మాత్రం చాలా చస్తాయి. ట్యాంక్ నీళ్ళు కూడా చెరువులోకో వానకాలువలోకో పోయకండి.

ఊరిచెరువు
షాపులో డబ్బులు పోసి కొనడం ఎందుకు, మా ఊళ్ళో వాన పడితే వాకిట్లోకే వస్తాయి, రెండు పట్టుకుని పంపమంటారా?

వైజాగ్_వనజ
వద్దు. మన గోదురు కప్పకు నీళ్ళూ కావాలి, గట్టూ కావాలి. ఇలా ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళలో ఉండే రకం కాదు. దాన్ని పొలంలో ఉండనివ్వండి.

జువాలజీ_మాస్టారు
కప్ప కాళ్ళ ఎగుమతి కోసం ఒకప్పుడు వాటిని బస్తాల లెక్కన పట్టారు. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు పెంపకం పేరుతో మళ్ళీ మొదలుపెట్టకండి.

కప్పలతక్కెడ
మా నానమ్మ వాళ్ళు వాన కోసం కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పి నీళ్ళు పోయించేవారట. నీలు గారింట్లో రోజూ నీళ్ళు మారుతున్నాయి, నిజాంపేటలో ఈసారి వరదే.

ఫ్రిస్కో_పిన్ని
నవ్వులాటల మధ్య ఒకటి మర్చిపోతున్నాం. పిల్లలున్న ఇల్లు. 2009 నుంచి 2011 వరకు అమెరికాలో నా దగ్గరున్నలాంటి డ్వార్ఫ్ కప్పల వల్ల 40కి పైగా రాష్ట్రాల్లో 200 మందికి పైగా సాల్మొనెల్లా సోకింది, ఎక్కువమంది చిన్నపిల్లలే. కప్పకు జబ్బు లక్షణాలేమీ ఉండవు. టబ్బు, ఫిల్టర్ వంటింటి సింకులో కడగొద్దు. ముట్టుకున్నాక పిల్లాడి చేత సబ్బుతో చేతులు కడిగించండి.

పశుడాక్టర్_కరీంనగర్
ముట్టుకోకముందు మాత్రం సబ్బు, శానిటైజర్, క్రీమ్ ఉండకూడదు. ఉత్త నీళ్ళతో తడిపిన చేతులే. అది తర్వాత, ఇది ముందు. తారుమారు చేస్తే ఇద్దరికీ నష్టం.

నీలు_నిజాంపేట
డాక్టర్‌కు చూపించాం. ఎదురుగా కూర్చున్నావిడ చిలకను తెచ్చింది, నా ఒళ్ళో టిఫిన్ డబ్బా. “ఏం తెచ్చారండీ” అని అడిగితే మూత తీసి చూపించా, కుర్చీ మార్చుకుంది. డాక్టర్ కాళ్ళు చూసి ఎర్ర చుక్కలు లేవు, నీళ్ళ మంటే అన్నారు. పొట్టను వేలితో మెల్లగా నొక్కి లోపల గట్టిగా ఏదో తగులుతోందన్నారు. మూడు నాలుగు రోజులు చల్లటి శుభ్రమైన నీళ్ళలో ఉంచండి, బయటికి రాకపోతే ఎక్స్‌రే తీద్దాం అన్నారు. మందు ఏమీ ఇవ్వలేదు.

ట్యాంక్_మేస్త్రి
మందు ఇవ్వకుండా పంపిన డాక్టర్‌ను వదులుకోకండి.

నీలు_నిజాంపేట
టబ్బు చల్లగా ఉంచడం ఎలా? ఐసు వేయనా?

వైజాగ్_వనజ
ఐసు నేరుగా వేయొద్దు, ఒక్కసారిగా వేడి తగ్గినా దెబ్బే. అరలీటరు సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, మూత బిగించి టబ్బులో తేలేయండి. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. గంటకు ఒకటి రెండు డిగ్రీల కంటే వేగంగా దించకండి. టబ్బు మీదుగా టేబుల్ ఫ్యాన్ తిప్పితే నీళ్ళు ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. నేను అద్దం ట్యాంక్ చుట్టూ తడి గోనెపట్టా కూడా కడతాను. చూసేవాళ్ళకు కల్లు కుండలా ఉంటుంది గానీ పనిచేస్తుంది. 24, 25 దగ్గర నిలబెట్టగలిగితే మన ఎండలకు అదే గొప్ప.

నీలు_నిజాంపేట
రాయి వచ్చింది!!! నాలుగో రోజు. పొద్దున పాల ప్యాకెట్లు తీసుకొచ్చి చూస్తే టబ్బు అడుగున జిగురు పట్టిన నీలం రాయి ఒకటి. మా వాడు దాన్ని కడిగి అగ్గిపెట్టెలో దాచుకున్నాడు, స్కూల్లో చూపిస్తాడట. పొట్ట బాగా తగ్గింది. కాళ్ళ ఎరుపు కూడా తగ్గి మళ్ళీ లేత గులాబీ రంగుకు వచ్చింది.

గుప్పీ_గోపి
ఆ ఎనిమిదింటి ఆత్మకు కాస్త శాంతి.

మల్లాపూర్_మధు
గోపీ, మిగతా మూడింటి సంగతి అడుగు.

నీలు_నిజాంపేట
అవి పాత ట్యాంక్‌లో హాయిగా ఉన్నాయి. ఒకటి పిల్లలు కూడా పెట్టింది. మరి కప్పకు ఇప్పుడు ఏం పెట్టాలి? ఇన్నాళ్ళూ చేపల రేకులే వేశాం, ఒకట్రెండుసార్లు మా అత్తగారు అన్నం మెతుకులు కూడా.

ట్యాంక్_మేస్త్రి
అన్నం అరగదు. వానపాములు పెట్టండి, వాటికంటే మంచి తిండి దానికి లేదు. మందులు కొట్టని కుండీలోవో, వర్మీకంపోస్టు వాళ్ళ దగ్గరవో తెచ్చి, ఒక రోజు తడి గుడ్డలో ఉంచి, కడిగి, దాని నోటికి తగ్గ ముక్కలు చేసి వేయండి. దొరకనప్పుడు ఫ్రీజర్‌లో ఉండే బ్లడ్ వార్మ్స్ గానీ, కిందికి మునిగే గింజ తిండి గానీ. పైన తేలే రేకులు దానికి సరిపోవు. ఇంకా పెరిగే వయసు కాబట్టి ఇప్పుడు రోజూ కొంచెం, పెద్దదయ్యాక వారానికి రెండు మూడుసార్లు. పావుగంటలో తినగా మిగిలింది తీసేయండి. అడిగినప్పుడల్లా వేయొద్దు, అది ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది.

ఇరవైఏళ్ళ_అక్వేరియం
చికెన్ ముక్కలు పెట్టొచ్చుగా? ఇది మాత్రం మంచి సలహానే ఇస్తున్నా.

వైజాగ్_వనజ
ఎప్పుడో ఒక ముక్క అయితే చచ్చిపోదు. రోజూ అదే పెడితే కాల్షియం అందదు, కొవ్వు పడుతుంది. నీళ్ళు కూడా ఒక్క రాత్రిలో కంపు కొడతాయి.

నీలు_నిజాంపేట
కుండీలో తవ్వితే మూడు ఎర్రలు దొరికాయి. మొదటి ముక్క టబ్బులో పడిందో లేదో రెండు చేతులతో గబగబా నోట్లోకి తోసుకుంది, పెళ్ళి పంక్తిలో లడ్డూ చూసిన మా చిన్న మామయ్యలా. ఇప్పుడు ఎవరు టబ్బు దగ్గరికెళ్ళినా పైకి వచ్చి చేతులు చాస్తోంది.

కప్పలతక్కెడ
చిన్న మామయ్య ఈ వేదికలో సభ్యుడు కాదు కదా?

నీలు_నిజాంపేట
నిన్న మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయింది. ఫ్యాన్ లేదు. సీసాలు మార్చి మార్చి 27 దగ్గర ఆపగలిగాం. ఇక టబ్బు కష్టం, పెద్ద ట్యాంక్ కావాలి. ఎంతది తీసుకోమంటారు? కొత్తది ధర చూస్తే గుండె ఆగింది.

ట్యాంక్_మేస్త్రి
ఒక్కదానికి 40 లీటర్లు కనీసం, కానీ మీకు 75 దాకా ఉంటే నీళ్ళు త్వరగా వేడెక్కవు, త్వరగా పాడవవు. ఎత్తు కంటే పొడవు ముఖ్యం, ఎందుకంటే గాలి కోసం పైకి రావాలి. స్పాంజ్ ఫిల్టర్ చాలు, ప్రవాహం జోరుగా ఉంటే దానికి చిరాకు. పాత ట్యాంక్‌లో స్పాంజి ఉంటే నల్లా కింద కాకుండా ట్యాంక్ నీళ్ళలోనే పిండి ఇందులో వేయండి. వారానికి నాలుగోవంతు నీళ్ళు మార్చండి. అమ్మోనియా సున్నాకు వచ్చేదాకా మాత్రం రోజు విడిచి రోజు.

మల్లాపూర్_మధు
రొయ్యలు పోయాక మా రెండున్నర అడుగుల ట్యాంక్ బాల్కనీలో ఖాళీగా పడుంది. అద్దం బాగానే ఉంది, ఇనుప స్టాండు కాస్త తుప్పు పట్టింది. మూత ఉంది. ఆటో ఖర్చు పెట్టుకుంటే ఊరికే ఇస్తా. ఆ స్ప్రే కొట్టిన రోజు నుంచి దాన్ని చూడబుద్ధి కావడం లేదు. వాడేముందు మంచి నీళ్ళతో నాలుగైదుసార్లు కడిగి, వారం ఎండలో పెట్టండి.

నీలు_నిజాంపేట
మెసేజ్ పెట్టాను మధు గారూ. ఆదివారం పొద్దున మా ఆయన్ని పంపిస్తా. అవును, చెరువన్నాయన్నే.

వైజాగ్_వనజ
మూత మీద బరువు మర్చిపోకండి.

నీలు_నిజాంపేట
మా అత్తగారు ఇడ్లీ రుబ్బే పొత్రం ఇవ్వనన్నారు. పాత ఇస్త్రీపెట్టె ఇచ్చారు.